టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ కంటే ముందు ఎల్‌హెచ్ పరీక్ష చేయించుకోండి

అన్నా, 46 ఏళ్లకే టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) తక్కువగా, 210 వచ్చిందని, కారణం తెలియకుండానే ఆ హార్మోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టమన్నారని రాశారు. కాస్త ఆగండి. మీరు రక్తం ఇచ్చింది సాయంత్రం, అదీ తిన్నాక. ఈ హార్మోన్ పొద్దున ఎక్కువ ఉండి తర్వాత తగ్గుతుంది. పరగడుపున, ఉదయం 10 లోపు మళ్లీ ఇవ్వండి.

అప్పుడూ తక్కువే వస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ (మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చి వృషణాలను పనిచేయించే హార్మోన్లు) చేయించాలి. అసలు గుట్టు అక్కడే ఉంటుంది. అవి పెరిగి ఉంటే లోపం వృషణాల్లో. తక్కువగానో మామూలుగానో ఉంటే పిట్యూటరీ వైపు వెతకాలి: ప్రొలాక్టిన్ (పిట్యూటరీ ఇచ్చే మరో హార్మోన్), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ పరీక్షలు. తలనొప్పి, పక్కచూపు తగ్గడం ఉంటే ఎంఆర్‌ఐ.

షుగర్, బొజ్జ ఉన్నాయన్నారుగా, ఎస్‌హెచ్‌బీజీ (రక్తంలో టెస్టోస్టిరాన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్) తగ్గి టోటల్ టెస్టోస్టిరాన్ తక్కువ కనిపిస్తూ ఉండొచ్చు. ప్రొటీన్‌కు అంటుకోకుండా ఉండే ఫ్రీ టెస్టోస్టిరాన్ కూడా లెక్క కట్టించండి. గట్టిగా గురక పెడతారా? నడుంనొప్పికి ట్రమడాల్ అనే నొప్పి మాత్ర వాడుతున్నారా? ఇవీ టెస్టోస్టిరాన్ తగ్గడానికి కారణం కావచ్చు, డాక్టరుకు చెప్పండి. ఇంజెక్షన్ పడిందంటే ఎల్‌హెచ్ అణిగిపోతుంది, వీర్యకణాలూ తగ్గుతాయి. ఆ తర్వాత కారణం పట్టుకోవడం కష్టం.