బాబుకి 18 నిండుతున్నాయి, గార్డియన్‌షిప్ తీసుకోవాల్సిందేనా?

చెల్లీ, మీ బాబుకి మేధో వైకల్యం ఉందని, వచ్చే నెల 18 నిండుతున్నాయని, గార్డియన్‌షిప్ కాగితం (తన తరఫున నిర్ణయాలు తీసుకోవడానికి మనకి చట్టప్రకారం ఇచ్చే అధికారం) తెస్తేనే ఖాతా నడుస్తుందని బ్యాంకులో అన్నారని రాశారు. అది తీసుకోవాల్సిందేనా అని కదా మీ ప్రశ్న. అందరికీ తప్పనిసరి కాదు. మావాడికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు సమస్య వల్ల కదలికలు కష్టమయ్యే వైకల్యం), దాంతోపాటు కొంత మేధో వైకల్యం, వాడికి 18 నిండినప్పుడు మేమూ ఇదే టెన్షన్ పడ్డాం కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

18 నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో మనం వాళ్లకి గార్డియన్లం కాదు. తల్లికి ఎవరో కాగితం ఇవ్వడమేంటని నేను చాలా బాధపడ్డాను. మేం వెళ్లిన బ్రాంచిలో మైనర్ ఖాతా మార్చడానికి కొత్త కేవైసీ, కొత్త సంతకం అడిగి, పక్కనే కూర్చున్న మావాడిని ఒక్క మాట కూడా అడక్కుండా ‘ఇతనికేం తెలుస్తుందమ్మా’ అన్నారు. వాడికి డబ్బులు లెక్కపెట్టడం రాదుగానీ ఆ మాట మాత్రం అర్థమైంది, ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. దీని కింద కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు, కలెక్టర్ ఆధ్వర్యంలో ఉండే లోకల్ లెవెల్ కమిటీకి ఫారం-ఏ పెట్టుకుంటే చాలు. ఆ కమిటీ ఇచ్చే సర్టిఫికెట్‌ని బ్యాంకులు ఒప్పుకోవచ్చని రిజర్వ్ బ్యాంకే చెప్పింది, బ్రాంచిలో తెలియదంటే ఆ సర్క్యులర్ ప్రింట్ తీసి చూపించండి. మన హైదరాబాద్‌లో ఏ జిల్లా కమిటీకి వెళ్లాలో జాగ్రత్త, మెహదీపట్నం అయితే హైదరాబాద్, కూకట్‌పల్లి అయితే మేడ్చల్-మల్కాజిగిరి, గచ్చిబౌలి అయితే రంగారెడ్డి. ఇది చూసుకోక మాకు ఒక రోజు వృథా అయింది.

కమిటీ ముందుకు వెళ్లాక అక్కడున్న ఒకావిడ నన్ను పక్కనపెట్టి నేరుగా వాడినే అడిగారు, ‘అమ్మ నీ బదులు బ్యాంకులో సంతకం పెడితే నీకు ఇష్టమేనా?’ అని. వాడు చాలాసేపు ఆలోచించి ‘సరే, ఫోన్ మాత్రం నాదే’ అన్నాడు. 18 ఏళ్లలో వాడిని ఆ ప్రశ్న నేనెప్పుడూ అడగలేదు. తర్వాత చదివితే తెలిసింది, అసలు గార్డియన్ అవసరమా, అవసరమైతే ఏ పనులకి అన్నది చూడాలని చట్టంలోనే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇంకా ముందుకెళ్లి, పరిమిత గార్డియన్‌షిప్ అంటే ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, వాళ్ల ఇష్టప్రకారం ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం అని చెప్పింది.

అందుకే కలెక్టరేట్‌కి వెళ్లేముందు బాబు దగ్గర కూర్చుని, తను సొంతంగా చేసుకోగలిగేవి, పక్కన మనిషి ఉంటే చేయగలిగేవి, అస్సలు చేయలేనివి ఏంటో ఒక కాగితం మీద రాయండి. బాబు సంతకం పెట్టగలిగి, ఖాతా ఎందుకో తనకి తెలిస్తే, ముందు తన పేరు మీదే నడపనివ్వమని బ్యాంకుని గట్టిగా అడగండి. అంత కష్టమైతేనే గార్డియన్‌షిప్ తీసుకోండి. తీసుకుంటే మాత్రం బాధ్యత కూడా ఉంటుంది, ఆరు నెలల్లోపు ఆస్తుల వివరాలు, ఏటా లెక్కలు ఇవ్వాలి, గార్డియన్ సరిగ్గా చూసుకోకపోతే తీసేసే అధికారం కమిటీకి ఉంది.

సదరం (వైకల్య ధ్రువీకరణ పత్రం), యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) కాగితాల మీద గడువు తేదీ ఇప్పుడే చూడండి. చిన్నప్పుడు ఇచ్చినవి చాలావరకు తాత్కాలికమే, 18 దాటాక మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. ఆసరా (ఇప్పుడు చేయూత అంటున్నారు) పింఛను నెలకి 4,016 వస్తుంటే ఆగకుండా ఉండాలన్నా ఇది ముఖ్యం. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, లేకపోతే చేయించండి. స్కూల్ అయిపోయి ఇంట్లో ఖాళీగా కూర్చునే పరిస్థితి వస్తుందనుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీకి (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ) ఒకసారి తీసుకెళ్లి ఏ పని నేర్పించవచ్చో అడగండి.

ఇంకోటి, ఓటరు నమోదు. కోర్టు మతిస్థిమితం లేదని ప్రకటిస్తే తప్ప ఓటు ఆపే వీల్లేదు, మీ బాబుకి కూడా ఫారం-6 నింపించండి. మావాడు 2023 నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికల్లో మొదటిసారి ఓటేశాడు, వేలి మీద సిరా పోతుందని రెండు రోజులు ఆ చెయ్యి కడగనివ్వలేదు.