తప్పిపోయినవారి కోసం వెతకబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, బరంపురం నుంచి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వూ నీ స్నేహితులూ పర్లాకిమిడిలో కూడి, ఏళ్ల తరబడి ఆచూకీ తెలియనివారి పాత కేసులను తిరిగి పరిశీలించాలనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. రైల్వే ఉద్యోగంలో ఉన్నప్పుడూ ఆ తరువాతా ఈ పని మీద తిరిగినవాణ్ని కనుక, నాకు తెలిసినది రాస్తున్నాను.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో 1968లో గుడారం గుడ్డలో చుట్టి దొరికిన ఒక యువతి శవానికి ముప్పై ఏళ్లపాటు పేరు లేదు. టాడ్ మాథ్యూస్ అనే ఫ్యాక్టరీ కార్మికుడు, తన అక్క కోసం ఒక చెల్లెలు ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రకటన చూసి, ఆ వివరాలను శవం వివరాలతో పోల్చి అధికారులకు తెలిపితే, 1998లో డీఎన్‌ఏ పరీక్ష ఆయన అనుమానం నిజమని తేల్చింది. ఆయన హంతకుణ్ని పట్టుకోలేదు. వేర్వేరు చోట్ల పడి ఉన్న రెండు వివరాలను ఒక దగ్గరకు చేర్చాడు. మీరు చేయగలిగినదీ అదే, అందుకు మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కన్నా అవసరమైన చోటు లేదు.

ఇచ్ఛాపురం దాటగానే రాష్ట్రంతో పాటు రికార్డు రాసే భాష కూడా మారిపోతుంది. మన అకారం ఒడియా నోట ఒకారంలా వినిపిస్తుంది కాబట్టి రమణ రొమొణొ అవుతాడు; మనం ముందు రాసే ఇంటిపేరు అక్కడ చివరికి పోతుంది, లేదా పొడి అక్షరంగా మిగిలి ఎక్కడో జారిపోతుంది. అందుచేత పేరు పెట్టి వెతికి, లేడని నిర్ణయించుకోవద్దు. వయస్సు, ఎత్తు, పచ్చబొట్టు, పాత దెబ్బల గుర్తులు, బట్టలు, వీటిని పట్టుకుని వెతకాలి.

ఒకసారి పట్టాల పక్కన శవమై దొరికిన మనిషి యూడీ కేసు (అసహజ మరణం కేసు) కాగితాల్లో, చొక్కా కాలర్ లోపల ఏదో చదవరాని గుర్తు ఉన్నదని మాత్రమే రాసి ఉంది. అనుమతి తీసుకుని ఫోటో చూశాను. వేలి గోరంత వెడల్పున్న నీలం గుడ్డ ముక్క మీద ఎర్ర దారంతో తెలుగులో ఒక దర్జీ పేరూ, ఊరి పేరులో సగమూ కుట్టి ఉన్నాయి. ఆ దర్జీ తన కొలతల పుస్తకం తిరగేసి, ఆ చొక్కా ఎవరికి కుట్టాడో చెప్పాడు. అప్పటికి పదకొండు నెలలుగా ఇంటివాళ్లు అవతలి రాష్ట్రం ఠాణా చుట్టూ తిరుగుతున్నారు. ఆయన భార్య మమ్మల్ని అడిగింది ఒక్కటే: ఏ తేదీన దొరికాడు, ఆ రోజు ఏ తిథి అని.

కాబట్టి కుటుంబం దగ్గర కూర్చున్నప్పుడు తొందరపడవద్దు. పెళ్లినాటి ఫోటో ఇస్తారు, అది చాలదు. ఏ పన్ను ఊడింది, చెయ్యి ఎప్పుడైనా విరిగిందా, బట్టలు ఎవరు కుట్టారు, భయపడితే ఏ భాషలో మాట్లాడతాడు అని అడిగి, వారి మాటల్లోనే రాసుకో. మతి చలించినవారు మన స్టేషన్లో రైలెక్కి ఎంత దూరమైనా వెళ్లిపోగలరు. అలాంటివారికి వైద్యం చేసి ఇంటికి చేరుస్తున్నందుకు డాక్టర్ భరత్ వాట్వానీకి 2018లో మెగసెసే పురస్కారం వచ్చింది. 1988లో ఆయన దంపతులు ప్రారంభించిన శ్రద్ధ సంస్థ మహారాష్ట్రలోని కర్జత్‌లో ఆశ్రమం నడుపుతున్నది. అటువంటి చోట మన యాస తెలిసినవాడు ఫోనులో పది నిమిషాలు ఓపికగా మాట్లాడితే, నెలలుగా బయటికి రాని ఊరి పేరు బయటపడవచ్చు.

చట్టం సంగతి కూడా తెలుసుకో. పిల్లలు తప్పిపోతే ఫిర్యాదును ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. నేరం జరిగిందని ఫిర్యాదు ఉంటే, అది మా పరిధి కాదని ఠాణా తిప్పి పంపకూడదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త నేర ప్రక్రియా చట్టం ఈ సంగతి స్పష్టంగా చెబుతున్నది. నమోదు సంఖ్య తీసుకోకుండా ఎవరినీ ఠాణా నుంచి వెనక్కి రానివ్వకు.

ఇక నేను గట్టిగా చెప్పవలసినది ఒకటుంది. పోలిక కనిపించిన వెంటనే కుటుంబానికి చెప్పవద్దు, పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వు. 2023 జూన్‌లో ఒడిశాలోని బాలాసోర్ జిల్లాలో జరిగిన బహనగా రైలు ప్రమాదం తరువాత ఒకే శవాన్ని ఒకటికి మించిన కుటుంబాలు తమవారిదేనని నమ్మాయి. డీఎన్‌ఏ నమూనాలు పోల్చవలసి వచ్చింది, చివరకు ఎవరూ రాని 28 మృతదేహాలను అక్టోబరులో భువనేశ్వర్‌లో దహనం చేశారు. కన్నవారి కళ్లే పొరబడినప్పుడు, ఫోటో చూసి మనం తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో ఆలోచించు. అనుమానితుల పేర్లయితే వాట్సాప్‌లో అసలే పెట్టవద్దు. 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో, పిల్లలను ఎత్తుకుపోయేవారన్న పుకారు నమ్మి అయిదుగురు అమాయకులను కొట్టి చంపారు. అలాగే, వయస్సు వచ్చిన అమ్మాయి తన ఇష్టంతో ఇల్లు విడిచిందని తెలిస్తే, ఆమె చిరునామా ఇంటివారికి ఇచ్చే హక్కు మనకు లేదు. క్షేమంగా ఉన్నదన్న మాట పోలీసుల ద్వారా చేరితే చాలు. వెతకడానికి నలుగురిలో పెట్టిన పిల్లల ఫోటోలను, వాళ్లు దొరికిన రోజే తీసివేయించు.

దసరా సెలవులకు ఇక్కడికి రా. నా నోటు పుస్తకాలు మూడూ నీకు ఇస్తాను. మొదటి పేజీలో ఉన్న కుర్రవాడి తల్లి ఇంకా గుణుపురంలోనే ఉంటున్నది. వాడి బట్టలు ఎవరు కుట్టేవారో ఆనాడు నేను అడగలేదు. ముందు ఆమె దగ్గరకే వెళదాం.

ఇట్లు,
నీ మామయ్య