గెడ్డ దాటేటప్పుడు బూట్లు విప్పకండి

పుణ్యగిరి కొండ దగ్గర గెడ్డలో (కొండవాగులో) జారిపడ్డానని, బూట్లు విప్పి దాటితే మంచిదా అని అడిగారు. దెబ్బ గట్టిగా తగల్లేదు కదండీ?

విప్పకండి. నాచు పట్టిన రాయి మీద వట్టి పాదం ఇంకా జారుతుంది, నీళ్లలో గాజుపెంకు ఉన్నా కనపడదు. సాక్సులు మాత్రం తీసి బ్యాగులో పెట్టుకోండి. దాటాక కాళ్లు తుడుచుకుని వేసుకుంటే బొబ్బలు తక్కువ.

ఇరుకుచోటు దాటడం తేలిక అనిపిస్తుంది కానీ లోతూ, వడీ అక్కడే ఎక్కువ. వెడల్పుగా, గులకరాళ్ల మీద పారేచోటు వెతకండి. బ్యాగు నడుం పట్టీ విప్పి, కర్ర ఊని, నీరొచ్చే వైపు ముఖం పెట్టి, ఒక్కో అడుగూ పక్కకు జరపండి. మోకాలు దాటిన నీళ్లలో దిగొద్దు. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి ఎర్రబడి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే కొండమీద వాన పడినట్టే. ఎంత దూరం నడిచొచ్చినా వెనక్కి తిరగండి.

గడ్డిలో కూర్చోవాలంటే దుప్పటి పరుచుకోండి. గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. వారం పది రోజుల్లో జ్వరం వచ్చినా, ఒంటిమీద నల్లటి పెచ్చు కనిపించినా, డాక్టరుకి అడవికి వెళ్లిన సంగతి తప్పక చెప్పండి.

మళ్లీ వెళ్లేది వానలు పూర్తిగా తగ్గాక, డిసెంబరులో పెట్టుకోండి.