భాషా సందేహాలు: ‘నే’తో చిక్కులు

ప్రశ్న: మేము సూరత్‌లో ఉంటున్నాం. బడిలో నేర్చుకున్న హిందీ లెక్కన ‘రామ్ నే’ అంటే రాముడు అనుకుంటున్నాను. ఇక్కడివాళ్లు ‘రాముడికి’ అంటున్నారు. ఏది సరి?

జవాబు: ఎక్కడిది అక్కడ సరే. హిందీలో ‘నే’ ఇచ్చినవాడికి తగులుతుంది: ‘రామ్ నే కితాబ్ దీ’ అంటే రాముడు పుస్తకం ఇచ్చాడు. గుజరాతీలో పుచ్చుకునేవాడికి తగులుతుంది: ‘రామ్‌నే చోపడీ ఆపో’ అంటే రాముడికి పుస్తకం ఇవ్వండి. ఇచ్చింది రాముడే అయితే గుజరాతీలో ‘రామే చోపడీ ఆపీ’ అనాలి. పేరు పక్కన గుజరాతీ ‘నే’ వినబడితే మన ‘కి’ గానీ ‘ను’ గానీ పెట్టి చూడండి, చాలావరకు కుదురుతుంది. వాక్యం చివర వస్తే మాత్రం అది ‘కదా’: ‘తమే ఆవశో నే?’ అంటే మీరు వస్తారు కదా?

ప్రశ్న: మా అబ్బాయి రాముడు రొట్టె తిన్నాడు అనడానికి హిందీలో ‘రామ్ నే రోటీ ఖాయా’ అని రాస్తే మార్కు తీసేశారు. రాముడు మగవాడే కదండీ?

జవాబు: మగవాడే, కానీ ‘నే’ తగిలాక క్రియకు కర్తతో పనిలేదు, కర్మ వెంట పోతుంది. రోటీ స్త్రీలింగం కనుక ‘ఖాయీ’. రెండు రొట్టెలైతే ‘దో రోటియాఁ ఖాయీఁ’. తిన్నది సీత అయినా ‘సీతా నే ఆమ్ ఖాయా’యే, ఆమ్ పుంలింగం కాబట్టి. కర్మకు ‘కో’ తగిలిందా, క్రియ దాన్నీ వదిలేసి పుంలింగ ఏకవచనంలో నిలిచిపోతుంది: ‘రామ్ నే సీతా కో దేఖా’ అంటే రాముడు సీతను చూశాడు. తెలుగులో క్రియ ఎప్పుడూ కర్తనే అంటిపెట్టుకుంటుంది కాబట్టి మన పిల్లలు ఇక్కడే జారతారు.

అసలు ‘నే’ ఎప్పుడు పెట్టాలంటే, క్రియ సకర్మకమై, పని జరిగిపోయి ఉండాలి: ఖాయా, ఖాయా హై, ఖాయా థా. గతమే అయినా ‘ఖాతా థా’ (తినేవాడు), ‘ఖా రహా థా’ (తింటూ ఉన్నాడు)లకు పెట్టకూడదు. ‘లానా’ (తేవడం), ‘భూల్నా’ (మరిచిపోవడం) సకర్మకాలే, అయినా ‘నే’ తీసుకోవు: ‘రామ్ కితాబ్ లాయా’. వీటికి కారణం వెతికేకంటే బట్టీ పట్టించడమే మేలు. పని అయిపోయిందనే ‘చుకా’ చేరినా అంతే: ‘రామ్ రోటీ ఖా చుకా’ అంటే రాముడు రొట్టె తినేశాడు. సర్వనామాల రూపం కూడా మారుతుంది. ‘వహ్’ (అతడు, ఆమె) కాస్తా ‘ఉస్‌నే’, ‘వే’ (వాళ్లు) కాస్తా ‘ఉన్హోంనే’ అవుతాయి.

ప్రశ్న: కొరియన్ సీరియళ్లలో ‘నే’ అంటే అవును అట. నిజమేనా?

జవాబు: నిజమే. గ్రీకులోనూ ‘నే’ అంటే అవుననే. చెక్, సెర్బియన్ భాషల్లో మాత్రం కాదు అని. కొరియన్లు మాట మొదట్లోని ‘న’ను ముక్కుతో అంతగా పలకరు, అందుకే ఒక్కోసారి ‘దే’ అన్నట్టు వినిపిస్తుంది. ఫోన్‌లో పదేపదే ‘నే, నే’ అంటుంటే ఒప్పుకున్నట్టు కాదు, మన ‘ఆఁ, ఆఁ’ లాగా వింటున్నామని చెప్పడం. ‘తినలేదా?’ అని అడిగితే ‘నే’ అన్నారంటే తినలేదనే అర్థం. మనమూ ‘అవును, తినలేదు’ అంటాం కనుక, ఈ ఒక్కచోట తెలుగువాళ్లకు తికమక ఉండదు.