మార్లీకి వెళ్లే ముందు

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

సెలవు దొరికితే పారిస్ దగ్గరి మార్లీ కోట తోట చూసొస్తానన్నావు, చాలా సంతోషం. పారిస్‌లో చదివే పిల్లలంతా వెర్సాయ్ రాజభవనానికే పోతారు. ఒక్క విషయం తెలిసి వెళ్లు, మార్లీలో ఇప్పుడు కోట లేదు. ఉన్నదల్లా నేల. దాన్ని చదవడం తెలియాలి.

వెర్సాయ్ రద్దీ భరించలేక ఫ్రాన్స్ రాజు 14వ లూయీ 1679లో కట్టించడం మొదలుపెట్టిన విడిది అది. అర్దువాఁ మాన్సార్ దాని వాస్తుశిల్పి. మధ్యలో రాజు మేడ, ఎదురుగా కొలనులకు చెరోపక్క ఆరేసి అతిథి గృహాలు. అక్కడికి పిలుపు రావడమే గొప్ప. రాజు కనబడితే చాలు, కొలువువాళ్లు "ప్రభూ, మార్లీ?" అని అడిగేవారట.

నా మాట విని ముందు మార్లీకి నీళ్లు తెచ్చిన తీరు చూడు. పారిస్‌లో సేం లజార్ స్టేషన్లో ఎల్ లైన్ రైలెక్కి, మార్లీకి ఒక స్టేషన్ ముందే, లూవ్సియెన్‌లో దిగు. అక్కడ ఎత్తైన కమానుల మీద పాత కాలువ కనిపిస్తుంది. సేన్ నదిలో 14 పెద్ద చక్రాలు, రెండు వందలకు పైగా పంపులు పెట్టి, 150 మీటర్లకు మించిన ఎత్తుకు నీళ్లు తోడారు. 1684కల్లా పని పూర్తయింది. కరెంటు లేని రోజులు! ఆ కమానుల కింద నిలబడితేగాని ఆ మొండితనం అర్థం కాదు.

తర్వాత నడిచి తోటకు వెళ్లు. తెరిచి ఉండే రోజు చూసుకుని, ముందు మ్యూజియంలో కోట నమూనా చూడు. అప్పుడు మేడ ఉన్నచోట నేలలో పరిచిన రాళ్ల గీతలు నీకు గోడలై కనిపిస్తాయి. వెనక్కి తిరిగితే పచ్చిక వాలు. అది ఒకప్పుడు పాలరాతి మెట్ల మీదుగా దూకిన జలధార. ఖర్చు మోయలేక 1728లో మూయించి గడ్డి వేశారు. ఆకులు రాలాక వెళితే ఈ వరసలన్నీ ఇంకా స్పష్టంగా ఉంటాయి.

ఫ్రెంచి విప్లవంలో జనం కూల్చారని ఎవరైనా చెబితే నమ్మకు. సామాన్లు వేలం వేశారు, ఆపైన కోటను అమ్మేశారు. కొన్నాయన నూలు మిల్లు పెట్టి, 1806లో దివాలా తీసి, రాళ్లూ దూలాలూ విడివిడిగా అమ్ముకున్నాడు. నాకిది కూల్చివేత కన్నా బాధ కలిగిస్తుంది. 1811లో నెపోలియన్ కొనేసరికి నేలే మిగిలింది.

కింద గుర్రాల చెరువు దగ్గరున్న గుర్రపు విగ్రహాలు నకళ్లు. శిల్పి కూస్తూ చెక్కిన అసలు గుర్రాలు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి, మర్నాడే వెళ్లి చూడు. 26 ఏళ్లలోపు, ఫ్రాన్స్‌లో నివాసం ఉన్నవాళ్లకు టికెట్ కొనక్కర్లేదు. రెసిడెన్స్ కార్డు మాత్రం మర్చిపోకు.

మీ మావయ్య