ఇంట్లో చెక్క లేత్ పెట్టుకోవాలంటే ముందు ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న చదివాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో చెక్క పనికి చిన్న లేత్, అంటే కొయ్యను గిర్రున తిప్పే యంత్రం, పెట్టుకోవాలని ఉంది, ఏ మిషన్ కొనాలి, ఎలా బిగించాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు. ఏ మిషన్ అన్నది నేను చివరికి కూడా చెప్పకపోవచ్చు. ముందు మీరు నాకు చెప్పండి: స్విచ్చు ఎక్కడ పెడుతున్నారు?

నా కుడిచేతి చూపుడువేలి చివరి కణుపు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఉలి తగిలి అలా అయిందనుకుంటారు చూసినవాళ్లు. ఒక పాత లుంగీ ముక్క వల్ల, చేతికి అందని స్విచ్చు వల్ల అయింది.

నేను ఈ పని నేర్చుకున్నది ఏటికొప్పాకలో, మా చిన్నాన్న దగ్గర. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలు మీరు చూసే ఉంటారు. అంకుడు కర్రను లేత్‌కు బిగించి ఉలితో ఆకారం తీస్తాం. ఇంకా తిరుగుతూ ఉండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కొయ్యకు అంటుకుంటుంది. పొయ్యి అక్కరలేదు, కుంచె అక్కరలేదు. ఆ తర్వాత మొగలి ఆకు మడిచి అదిమి పట్టుకుంటే రంగు సమంగా పరుచుకుని నిగనిగలాడుతుంది.

ఆ రోజు కుంకుమ భరిణెల మూతలు చేస్తున్నాను. ఎర్రటి మూత, పైన మొగ్గలాంటి పిడి, పిడి కింద సన్నటి మెడ. పొద్దున్నంతా కరెంటు లేదు. మధ్యాహ్నం వచ్చాక, మళ్లీ పోయేలోగా వీలైనన్ని చేసేయాలన్న ఆత్రం. ఆకులు అయిపోయాయి. పెరట్లోకి వెళ్లి తెచ్చుకోవడానికి బద్ధకించి, పక్కనే ఉన్న లుంగీ ముక్కను చూపుడువేలికి రెండు చుట్లు చుట్టుకుని మూత మీద అదిమాను. మొదటి మూత బాగా వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడో దానికి గుడ్డ అంచున వేలాడుతున్న ఒక్క దారప్పోగు ఆ పిడి మెడలో పడింది. పోగు వెంట గుడ్డ వెళ్లింది, గుడ్డ వెంట వేలు వెళ్లింది. వెనక్కి లాక్కుందామన్న ఆలోచన వచ్చేసరికే వేలు మూతకు కట్టేసినట్టు అయిపోయింది. కరిగిన లక్క వాసన, బెల్టు జారుతున్న కీచు శబ్దం, ఈ రెండూ ఇప్పటికీ గుర్తున్నాయి. బెల్టు కాస్త వదులుగా ఉంది కనుక జారింది, జారింది కనుక నాకు వేలు మిగిలింది.

స్విచ్చు మోటారు వెనక గోడకు ఉండేది. దాన్ని అందుకోవాలంటే తిరుగుతున్న కొయ్య మీదుగా ఎడమచేయి చాచాలి. చిన్నాన్న అవతలి నుంచి చుట్టూ పరుగెత్తుకొచ్చి ఆపాడు. గోరు ఊడింది, ఎముక చివర విరిగింది. కట్టు కట్టించుకుని వచ్చాక ఆయన తిట్టలేదు. ఒక మొగలి ఆకు తెచ్చి నా ఎదుటే పర్రున చించి, “ఇదైతే తెగిపోయి నీ చెయ్యి నీకు వదిలేసేదిరా. గుడ్డ తెగుతుందా?” అన్నాడు.

మెరుపు కోసమే ఆకు వాడతారని అందరూ అంటారు. పాతవాళ్లు వేళ్లను కూడా లెక్కలో పెట్టుకునే ఆకును ఎంచుకున్నారని నా గట్టి నమ్మకం. మీకు ఆకు దొరకకపోతే సులువుగా చిరిగే మెత్తటి కాగితం వాడండి. దాన్ని కూడా వేలికి చుట్టుకోకుండా, కొయ్య కింది వైపున, వదిలేస్తే పడిపోయేలా పట్టుకోండి.

ఇదే కారణంతో చేతి తొడుగులు వద్దు. వీడియోల్లో మందపాటి తొడుగులు వేసుకుని లేత్ ముందు నిలబడేవాళ్లను చూస్తే నాకు కడుపులో దేవినట్టు అవుతుంది. వాటిని చూసి పిల్లలు నేర్చుకుంటున్నారు. చేతి రంపానికి, ఇటుకలు మోయడానికి పనికొచ్చే రక్షణ తిరిగే యంత్రం దగ్గర ఉచ్చు అవుతుంది. కండువా, చున్నీ, పొడుగు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు, ఉంగరం, మణికట్టుకు కట్టుకున్న తోరం, ఇవేవీ షెడ్డు లోపలికి రాకూడదు. ముఖమంతా కప్పే పారదర్శకమైన ప్లాస్టిక్ కవచం మాత్రం తప్పనిసరి. గరుకు కాగితం పట్టేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక స్విచ్చు. మీరు నిలబడే చోటనే, తిరిగే కొయ్యను దాటకుండా, నడుముతోనో మోకాలితోనో నొక్కి ఆపగలిగేలా పెద్ద ఎర్ర బొత్తాం పెట్టించండి. మామూలు లైటు స్విచ్చు లాంటిది అసలు వద్దు. కరెంటు పోయినప్పుడు స్విచ్చు వేసి ఉందన్న సంగతి మరిచిపోతాం. ఉలి పక్కన పెట్టి, కొయ్య మీద చెయ్యి ఆనించి ఎవరితోనో మాట్లాడుతుంటాం. కరెంటు రాగానే అది దానంతట అదే తిరుగుతుంది. అందుకే కరెంటు పోతే తనంతట తాను విడిపోయి, మళ్లీ బొత్తాం నొక్కితే తప్ప మొదలుకాని స్టార్టర్ కావాలి. పొలం మోటార్లకు పెట్టే ఆటో స్టార్టర్ ఇంట్లో ఉంది కదా అని దాన్ని తెచ్చి తగిలించకండి. కరెంటు రాగానే మోటారు వేయడమే దాని పని. ఎర్తింగ్ కూడా చూపించుకోండి.

మిషన్‌ను బల్లకు బోల్టులతో బిగించండి, బల్ల అడుగున ఇసుక బస్తాలు వేయండి. కొయ్య తిరిగే ఇరుసు మీ మోచేతి ఎత్తులో ఉండాలి. అంతకన్నా తక్కువైతే గంటలో నడుము పట్టేస్తుంది, అలసిన చెయ్యి ఉలిని సరిగా పట్టలేదు. ఉలిని ఆనించే టూల్ రెస్ట్ కొయ్యకు నాలుగైదు మిల్లీమీటర్ల దూరంలో ఉంచండి. కొయ్య సన్నబడేకొద్దీ మిషన్ ఆపి దాన్ని దగ్గరికి జరపండి, తిరుగుతుండగా జరపకండి. మొదలుపెట్టే ముందు కొయ్యను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూడండి. కొయ్యను పట్టి ఉంచే చక్‌ను బిగించిన తాళంచెవి దాంట్లోనే ఉండిపోయిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. బొత్తాం నొక్కేటప్పుడు కొయ్యకు ఎదురుగా కాకుండా ఒక పక్కకు నిలబడండి.

వేగం విషయంలో అందరూ మోసపోతారు. మామూలు మోటారు నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరుగుతుంది. మూడంగుళాల కొయ్య అంచు ఆ వేగంలో గంటకు సుమారు 21 కిలోమీటర్ల చొప్పున పోతుంది. అదే ఎనిమిదంగుళాల గిన్నె అయితే 55 కిలోమీటర్లు. చుట్లు అవే, దెబ్బ వేరు. వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని చుట్లతో హెచ్చిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలన్నది లేత్ పనివాళ్ల లెక్క. ఇంకా గుండ్రంగా రాని మొద్దుకు అంతకన్నా బాగా తగ్గించాలి. అందుకే బెల్టును ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మార్చి వేగం తగ్గించుకునే మెట్ల పుల్లీలు ఉన్న మిషన్ తీసుకోండి. పగుళ్లు ఉన్న కర్ర బిగించకండి. పాత ఇంటి దూలాల టేకు చవకగా వస్తుందని తెస్తారు, దాంట్లో విరిగిపోయిన మేకులు దాగి ఉంటాయి.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో మన ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఆ బొమ్మలే నిలబడ్డాయి. ఇవన్నీ చూసి నేను కళ్లనీళ్లు పెట్టుకున్నాను. కానీ పసుపుతో పసుపు రంగు, నీలితో నీలం రంగు అని రాసేవాళ్లు, ఆ లేత్ ముందు రోజుకు పది గంటలు గడిపే మనిషికి సరైన స్టార్టర్ ఉందా, ముఖానికి కవచం ఉందా అని రాయరు. ప్రతి లేత్‌కూ చేతికి అందే ఒక ఎర్ర బొత్తాం పెట్టించడానికి ఎంత ఖర్చవుతుంది?

మీరు గిన్నెలతో మొదలుపెట్టకండి. బొంగరం చేయండి. రెండంగుళాల మందం ఉన్న మెత్తటి కర్ర, నోరు గుండ్రంగా ఉన్న ఉలి చాలు. ఉలి పదును వెనక ఏటవాలుగా నూరిన భాగాన్ని ముందు కొయ్యకు ఆనించి, తర్వాత పిడిని మెల్లగా పైకెత్తితే పదును తనంతట తానే కోతలోకి వస్తుంది, చెక్క రిబ్బను లాగా లేస్తుంది. పొడి రాలుతోందంటే పదును పోయిందని అర్థం, ఆపి నూరుకోండి. మేకు దిగే కొన వైపు మాత్రం లేత్ మీద ఉండగానే మరీ సన్నం చేయకండి, అక్కడ విరుగుతుంది. చివరి అరంగుళం మిషన్ ఆపి రంపంతో కోసుకోండి.