ఇంటిపేరు చూసి ఓట్లు పడతాయా?

ఇంటిపేరు టికెట్ తెప్పిస్తుంది, గెలుపుకు మాత్రం గ్యారంటీ ఇవ్వదు. కొత్తవాళ్లు ఏళ్ల తరబడి తిరిగి సంపాదించుకునే గుర్తింపు, క్యాడర్ వారసులకు మొదటి రోజే దొరుకుతాయి, నా దృష్టిలో అసలు అన్యాయం అదే. 2011 కడప ఉప ఎన్నికలో జగన్‌కు 5 లక్షలు దాటిన మెజారిటీ వచ్చిందంటే అందులో వైఎస్ మీద అభిమానం, ఆయన పోయిన బాధ చాలా ఉన్నాయి. కానీ అదే ఇంటి నుంచి విజయమ్మ 2014లో విశాఖలో ఓడిపోయారు, 2024లో షర్మిల సొంత కడపలోనే మూడో స్థానంలో ఆగిపోయారు, అక్కడ గెలిచిన అవినాష్ రెడ్డిదీ వైఎస్ కుటుంబమే మరి. లోకేశ్ మంగళగిరిలో 2019లో 5,337 ఓట్లతో ఓడినా నియోజకవర్గాన్ని వదల్లేదు, 2024లో కూటమి గాలి కూడా కలిసొచ్చి 91 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు.